ఆరో వరస నివాసపు ఎండ

తనిఖీ రోజు 1

ఫిర్యాదు నంబరు 212. ఆరో వరస, పధ్నాలుగో ఇల్లు. ఇంటి యజమాని గంటి మంగతాయారు, వయసు నలభై ఆరు. నివాసానికి పంపిన ఎండలో అమ్మకపు సరుకు ఆరబెడుతోందని అభియోగం. ఫిర్యాదు చేసింది మనిషి కాదు, వీధి చివరి కెమెరా. మనిషైతే కనీసం మొహమాటపడేవాడు.

నా పేరు హైమవతి. గిన్నెలో ఇరవయ్యారేళ్లుగా ఇళ్ల వాడుకలు తనిఖీ చేస్తున్నాను. సూర్యుడు ఎన్నడూ తొంగిచూడని ఈ గుంట అడుగున, గాజు కప్పు కింద, తొమ్మిది వేలమందిమి ఉంటున్నాం. చంద్రుడి మీదికి మొదట వచ్చినవాళ్లు దీన్ని పైనుంచి చూసి గిన్నె అన్నారు, ఆ పేరే ఉండిపోయింది. అంచు మీదున్న అద్దాలు పంపితేనే మాకు ఎండ. మా తాతల ఊళ్లలో కాలవ నీళ్లు పొలాలకు వంతులవారీగా వదిలేవారట. ఇక్కడ ఎండను అలా వదులుతాం, రోజుకు ఒక్కో వరసకు రెండు గంటలు.

నివాస వరసకు వచ్చే ఎండ ఒంటికి, పిల్లలకు, పక్కబట్టలకు, కుండీలకు. అమ్మే సరుకుకు వ్యాపార వరసలో వేడి గదులున్నాయి. ఇంట్లో వ్యాపారం చేసుకోవడం తప్పు కాదు. కాకపోతే నివాసపు ఎండ వాడకూడదు, బయటి మనిషిని పనికి పెట్టుకోకూడదు, రోజుకు ఎనిమిది మందికి మించి రాకూడదు. కెమెరా లెక్క నిజమైతే, మూడూ ఒకేసారి కాలదన్నిన ఇల్లు నాకు ఇదే తగిలింది.

వంతు మొదలయ్యేసరికి ఆమె వాకిట్లో నిలబడ్డాను. ఎండ ముందు ఎదుటి గోడ మీద పడి, మెల్లగా కిందికి దిగి, ఐదో వరస కప్పులు దాటుకుని మా కాళ్ల దగ్గరికి వచ్చింది. యాభై నాలుగేళ్లుగా చూస్తున్నదే. అయినా అది కాళ్లను తాకే క్షణంలో ఏ పనైనా ఆపి చూస్తాను. వరస పొడవునా తలుపులు తెరుచుకున్నాయి. నేనేమో చేతిలో ఫారం పట్టుకుని నిలబడ్డాను.

వాకిట్లో నాలుగు పాత చీరలు పరిచి, వాటి నిండా బూడిద గుమ్మడి వడియాలు పెట్టి ఉన్నాయి. పక్కనే ముక్కాలిపీట మీద కర్ర పట్టుకుని ఒక పెద్దాయన కూర్చున్నాడు.

"ఈయనెవరమ్మా?"

"నూకరాజు బాబాయండి. మూడో వరసలో ఉంటారు," అంది మంగతాయారు. "కాకులు రాకుండా కూర్చుంటారండి."

"కాకులా?"

"ఆయ్," అన్నాడు పెద్దాయన, కప్పు వైపు నుంచి చూపు తిప్పకుండా.

గిన్నెలో కాకి లేదు. అసలు ఏ పక్షీ లేదు. ఎనభై ఏళ్ల నూకరాజు చిన్నతనంలో భూమ్మీద చూశాడట గానీ, నాకు కాకి అంటే పిల్లల పుస్తకంలో నల్లటి బొమ్మ. ఆ మాటే అన్నాను.

"లేవనుకోండి," అంది మంగతాయారు. "అలాగని కాపలా లేకుండా వదిలేస్తామేంటండీ? మా అమ్మ వదల్లేదు, మా అమ్మమ్మ వదల్లేదు."

ఫారంలో రాశాను. బయటి పనివాడు: ఒకరు. పని: కాకుల్ని తోలడం. కాకులు: లేవు. రాశాక చదువుకుంటే నా రాత నాకే నచ్చలేదు. కానీ అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు.

ఇరవయ్యో రోజున మండలి ముందు విచారణ. అనుమతి రద్దయితే మంగతాయారు ఊపిరి గదులకు తిరిగి వెళ్లాలి. గిన్నె గాలిని వడగట్టే ఆ గదుల్లో పదకొండేళ్లు పనిచేసి ఛాతీ పాడుచేసుకుంది. ఇంటి దగ్గర పని ఉన్నవాళ్లకే అక్కణ్నుంచి మినహాయింపు.

"మళ్లీ అక్కడికి పంపితే ఏడాది తిరిగేదాకా బతకనండి," అందామె. పులుసులో ఉప్పు తగ్గిందన్నట్టు మామూలుగా అంది. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

తనిఖీ రోజు 4

ఇవాళ వచ్చినవాళ్లను లెక్కపెట్టాను. పదమూడు మంది. డబ్బా తెచ్చుకుంటారు, వడియాలు పోయించుకుంటారు, తర్వాత వెళ్లరు. గోడకు చేరగిలబడి కాళ్లు చాపుకుంటారు. ఇళ్లకు వెళ్లరేం అని ఒకావిడను అడిగితే, "మీరు కూర్చోండమ్మా, నిలబడి ఏం చేస్తారు?" అని నాకే చోటు చూపించింది. నేను కూర్చోలేదు. విధుల్లో ఉన్న మనిషి కూర్చోకూడదు.

వంతు ముగిసే ముందు మంగతాయారు ఒక వడియం తీసి గోటితో నొక్కి చూసి, మొహం చిట్లించింది.

"ఇంకా పచ్చేనండి. నాలుగో ఎండ ఇది. ఇదివరకు మూడెండలకే గలగల్లాడేవి."

మీటరు తీసి చూపించాను. నూటికి నూరు. "వెలుగు పూర్తిగానే వస్తోందమ్మా, నువ్వే చూడు."

"వెలుగొస్తోందండి. ఎండ రావట్లేదు."

"రెండూ ఒకటే కదా?"

"ఎక్కడన్నా ఒకటవుతాయేంటండీ? దీపానికీ వెలుగుంటది. దీపం కింద వడియాలెండుతాయా?"

నూకరాజు పీట మీంచే అందుకున్నాడు. "తెల్లారగట్ట ఊరంతా తెల్లగా కనపడతాదండి. ఎండ కాసినట్టేనా మరి? మీరు పుట్టిన కాడ తెల్లారడం లేదు గాబట్టి మీకు తెలవదు. మీ తప్పు కాదు లెండి."

నన్ను క్షమించేసినట్టు మాట్లాడాడు. ఒళ్లు మండింది. రిమార్కుల గడిలో 'సాకు' అని రాసి వచ్చేశాను.

తనిఖీ రోజు 7

నాలుగో రోజు రాసిన 'సాకు' అన్న మాట కొట్టేశాను. ఇరవయ్యారేళ్లలో రాసిన మాట కొట్టేయడం ఇదే మొదలు. ఎందుకో వివరంగా రాస్తున్నాను.

ఇవాళ వాకిలి కొలవడానికి వెళ్లి, టేపు చివర తలుపుకు తగిలించబోయి, తలుపు వెనక చుక్కలు చూశాను. సున్నపు చుక్కలు. గీతలు గీసి విడదీసిన చిన్న చిన్న గుంపులు. తలుపు పైనుంచి కిందిదాకా, ఒక్క అరచేయి చోటు కూడా మిగల్లేదు. అదేమిటని అడిగాను.

"కాకులు రావు గదండీ," అన్నాడు నూకరాజు. "ఊరికే కూర్చుంటే తోచదు. తొమ్మిదేళ్ల కాడి నుంచీ, ఎన్నెండలకి ఎండినియ్యో చుక్కలెడతాను. ఒక్కో వాయికి ఒక్కో గుంపండి."

తొమ్మిదేళ్ల చుక్కలు! మోకాళ్ల మీద కూర్చుని చదివాను. మూడు, మూడు, మూడు. ఎక్కడో ఒకచోట రెండు. మళ్లీ మూడు. వందల గుంపులు అలాగే వచ్చి, తలుపు అడుగున నాలుగు మొదలయ్యాయి. నాలుగు, నాలుగు, నాలుగు, అయిదు. ఆఖరి మూడు గుంపులూ అయిదే.

ఎప్పుడు మొదలైందని అడిగితే మంగతాయారు వేళ్ల మీద లెక్కేసి ఏడు నెలలంది. ఏడు నెలల కిందటే అంచు మీద అద్దాలకు కొత్త పూత వేశారు. ఆ ప్రకటన అన్ని వరసల్లో అంటించింది నేనే.

ఆఫీసుకొచ్చి గోడ హీటర్ల రికార్డు తీశాను. మనిషి చెప్పకుండా వాటంతట అవి తిరిగే హీటర్లవి. ఏడు నెలలుగా వారం వారం కొంచెం ఎక్కువ తిరుగుతున్నాయి. ఎక్కడా చలి తెలియనివ్వకుండా లోటు పూడ్చేస్తున్నాయి. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. మా మీటర్లు వెలుగునే కొలుస్తాయి. వెలుగొస్తే వెంట వేడీ వస్తుందనుకున్నారు మా పెద్దలు, విడిగా కొలవాలని తోచలేదు. కొత్త పూత వెలుగును పంపి, వేడిని ఆపేస్తున్నట్టుంది.

ఇంకో నలభై ఒక్క రోజుల్లో నీడ నెల. సూర్యుడు అంచు శిఖరం చాటుకు వెళ్లి, సగం అద్దాలు చీకట్లో పడతాయి. అప్పుడు హీటర్లు పూర్తి జోరుతో తిరగాలి. ఇప్పటికే ముప్పాతిక జోరులో ఉన్నాయి, మిగిలిన పావు ఆ చలికి చాలదు. కప్పు బయట మా నేల మీద నీళ్లు ఒలికితే రాయవుతాయి. కోటేళ్లకైనా ఆ రాయి కరగదు.

అంచు మీద అద్దాలు చూసే యోహానుకు ఫోన్ చేశాను. ఓపిగ్గా విని, "మీటరు నూరు చూపిస్తుంటే, వడియాలు ఎండలేదని పూత గీకించమంటారా మేడమ్?" అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. నవ్వరా మరి! మొన్నటిదాకా నేనైనా నవ్వేదాన్నే.

తనిఖీ రోజు 12

అంచు మీదికి వెళ్లొచ్చాను. లిఫ్టులో ఆరు గంటలు. ఒళ్లో మూతపెట్టిన డబ్బా, అందులో మంగతాయారు పొద్దున్నే రుబ్బి, గుమ్మడి కోరు కలిపి ఇచ్చిన పిండి.

నా ఉద్యోగంలో అంచు ఎక్కాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. పైకొచ్చి తలుపు తెరుచుకోగానే గోడ పట్టుకుని నిలబడిపోయాను. సూర్యుడు! ముక్క కాదు, వంతు కాదు, మొత్తం. నల్లటి ఆకాశంలో, నేల అంచున ఆనుకుని ఉన్నాడు. అక్కడ ఆయన పైకి లేవడు, కిందికి దిగడు, నేల వెంబడి చుట్టూ తిరుగుతాడట. ఇటు పక్క సగం వెలిగిన భూమి. ఇద్దరి మధ్యా కనుచూపు మేర అద్దాలు, ఒక్కొక్కటి మా వీధంత పొడవు, అన్నీ తలలు వంచి గిన్నెలోకి చూస్తున్నాయి. ఇంతటిదాన్ని పట్టి, మడిచి, అంత లోతుకు దించి, ఆరో వరసలో ఒక ఇంటి వాకిట్లో పాత చీర మీదికి సరిగ్గా వేళకు పంపుతున్నారు. ఇరవయ్యారేళ్లుగా నేను దాని గురించి ఫారాలు నింపుతున్నాను. కళ్లు తుడుచుకున్నాను. యోహాను చూసి, మొదటిసారి వచ్చినవాళ్లందరూ అంతే మేడమ్ అని మంచినీళ్లిచ్చాడు.

పాత పూత అద్దం ఒకటి స్పేరుగా ఉంచారు. దాని వెలుగొకటి, కొత్త పూత అద్దం వెలుగొకటి, పక్కపక్కనే గాజు గదిలోకి మళ్లించమన్నాను. నవ్వుతూనే మళ్లించాడు. రెండు పళ్లేల్లో ఇరవై చొప్పున వడియాలు పెట్టాను. నా చేత్తో పెట్టినవి, ఒక్కటీ గుండ్రంగా రాలేదు. మీటరు రెంటికీ నూరే చూపించింది.

గంటయ్యాక యోహాను నా వైపు వింతగా చూశాడు. "ఏం చేస్తున్నారు మేడమ్?"

చూసుకుంటే నా చెయ్యి పళ్లేల మీద అటూ ఇటూ ఆడుతోంది. ఎప్పటినుంచి తోలుతున్నానో! జీవితంలో కాకిని చూడని దాన్ని, గాలి కూడా లేని చోట, దళసరి గాజు వెనక కూర్చుని కాకుల్ని తోలుతున్నాను. ఏమీ లేదని చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాను. కాసేపటికి మళ్లీ లేచింది.

రెండు గంటలు పూర్తయ్యాక పాత అద్దం కింద వడియాలు పైపొర కట్టి పళ్లెం నుంచి వాటంతట అవే విడివడ్డాయి. కొత్త అద్దం కిందివి వేలికి అంటుకున్నాయి. యోహాను రెండూ ముట్టుకుని చూశాడు. తర్వాత చేతి తొడుగు తీసి, అరచెయ్యి ముందు ఈ వెలుగులో, తర్వాత ఆ వెలుగులో పెట్టాడు. చాలాసేపు అలాగే ఉంచాడు.

"ఏడు నెలలుగా ఈ అద్దాలు తుడుస్తున్నాను మేడమ్," అన్నాడు చివరికి. "రోజూ తొడుక్కునే ఉంటాను. ఈ గదిలోనైనా ఒక్కసారి ఒట్టి చెయ్యి పెట్టి చూసుంటే తెలిసిపోయేది."

ఎప్పట్లోగా గీకించగలవని అడిగితే, తొమ్మిది రోజులన్నాడు.

తనిఖీ రోజు 20

విచారణ జరిగింది. మండలి అధ్యక్షుడు తాతాజీగారు లేచి నిలబడి, గిన్నె మొత్తం తరఫున మంగతాయారుకు దణ్ణం పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. నూకరాజు సంగతి అయిదు నిమిషాల్లో తేలిపోయింది. లేని కాకుల్ని తోలడం పని కిందికి రాదు కాబట్టి ఆయన పనివాడు కాడన్నారు. నూకరాజుకు రోషం వచ్చి, తొమ్మిదేళ్లుగా ఒక్క కాకి వాలిందేమో చూపించమన్నాడు. ఎవరూ చూపించలేకపోయారు.

తర్వాత తాతాజీగారు ఉత్సాహంగా ప్రకటించారు. "ఆ ఇంటిని ఎండ పరీక్షా కేంద్రం చేద్దాం. నివాసం నుంచి ప్రజా వాడుకకు మార్చేస్తే ఏ గొడవా ఉండదు."

మళ్లీ చప్పట్లు. మంగతాయారు కూడా నవ్వింది, ఏదో మంచే జరుగుతోందనుకుని. ఆ గదిలో నియమాల పుస్తకం పూర్తిగా చదివినదాన్ని నేనొక్కదాన్నే. లేచాను.

"ప్రజా వాడుక ఇంట్లో ఎవరూ కాపురముండకూడదండి. ఆమెను ఇల్లు ఖాళీ చేయించాలి."

మంగతాయారు నవ్వు అలాగే మొహం మీద ఉండిపోయి, మెల్లగా పోయింది.

"నాకు కేంద్రాలొద్దు, సన్మానాలొద్దండి," అంది. "నా వాకిట్లో నన్ను వడియాలు పెట్టుకోనియ్యండి. అంతకన్నా నేనేం అడిగాను?"

తాతాజీగారు ఇబ్బందిగా కదిలారు. "నీకు ఇస్తే రేపు అందరికీ ఇవ్వాలమ్మా. ఆ నియమం ఊరికే పెట్టలేదు."

నిజమే, ఊరికే పెట్టలేదు. నా చిన్నప్పుడు రెండో వరసలో ఒకాయన తన వంతు ఎండంతా అమ్మకపు మొక్కలకే పెట్టాడు. ఇంట్లో ముగ్గురు పిల్లలకూ ఎముకలు మెత్తబడి కాళ్లు వంకర్లు పోయాయి. వాళ్లలో పెద్దపిల్ల నా క్లాసే. ఆ నియమం అంటే నాకున్న పట్టుదల అక్కడ మొదలైంది. అందుకే మంగతాయారు మీద జాలితో దాన్ని పక్కన పెట్టమని అనలేకపోయాను.

అయితే అదే పుస్తకంలో ఇంకో నియమం ఉంది. సందేహం వస్తే తనిఖీదారు ఒక వంతు మొత్తం ఆ ఇంట్లో ఉండి, ఎండ దేనికి వాడుతున్నారో కళ్లారా చూసి, ఒకే ఒక్క మాట రాయాలి. నివాసం లేదా వ్యాపారం. ఆ మాట మీద మండలి కూడా చెయ్యి పెట్టకూడదు. నివాసం అని తేలితే వచ్చేవాళ్లు చుట్టాల కిందే లెక్క, ఎంతమందైనా రావచ్చు.

ఎల్లుండికి కొత్త పూత గీకడం పూర్తవుతుంది. ఆ రోజు వంతుకు వెళ్లమన్నారు. బయటికొచ్చాక మంగతాయారు నా దగ్గరికి వచ్చింది. నాకేమైనా చెప్తుందనుకున్నాను. నా మొహం చూసి, చెప్పకుండా వెళ్లిపోయింది. నేను చూసిందే రాస్తానని ఆమెకు తెలుసు.

తనిఖీ రోజు 22

వంతుకు పావుగంట ముందే వెళ్లాను. నాలుగు చీరల మీదా వడియాలున్నాయి. "ఇదే ఆఖరి వాయండి," అంది మంగతాయారు. "ఈ రెండ్రోజులూ పప్పు నానబొయ్యలేదు. ఏ నమ్మకంతో బొయ్యమంటారు?"

టేపు తీసి కొలిచాను. వాకిట్లో సరిగ్గా సగం చీరలే. పుస్తకం ప్రకారం సగం ఎండ సరుకుకు పోతే వ్యాపారమనే రాయాలి.

అప్పుడు ఎండ వచ్చింది. ఎదుటి గోడ మీంచి ఎప్పట్లాగే దిగింది, ఎప్పట్లాగే ఐదో వరస దాటింది. కాళ్లకు తగిలిన క్షణంలో వరసంతా ఒక్కసారి "ఆ!" అంది. ఏడు నెలలుగా మేం మర్చిపోయింది అదీ. చర్మం మీద ఆగకుండా లోపలికి దిగింది. రాళ్లు వెచ్చబడిన వాసన వచ్చింది. ముసలివాళ్లు చొక్కాలు విప్పేశారు. ఎవరో గట్టిగా నవ్వుతున్నారు, ఎవరో ఏడుస్తున్నారు. నా మెడ మీద చెమట పట్టింది. ఆ చెమటను వేలితో తీసి చూసుకుంటూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. అంత దూరాన్నుంచి, అంత నిప్పులోంచి వచ్చి, నా మెడ మీద ఒక చుక్క చెమటై నిలిచింది. ఇంతకంటే పెద్ద సంగతి నా జన్మలో చూడలేదు.

పని గుర్తొచ్చి వాకిలి వైపు తిరిగాను. మొదట ఎదురింటి బాలింత పసిబిడ్డను తెచ్చింది. మంగతాయారు ఒక్క మాట కూడా అనకుండా ఒక చీర కొంగు పట్టుకుని వడియాలతో సహా పక్కకు లాగింది. బిడ్డను అక్కడ పడుకోబెట్టి నూనె రాశారు. తర్వాత డబ్బాలవాళ్లు వచ్చారు. ఇంకో చీర జరిగింది. కాళ్లవాపున్న ఒకాయన వచ్చాడు, పక్కబట్టలు వచ్చాయి, ఆవిడకు తెలియని వాళ్లు కూడా పక్క వరస నుంచి వచ్చారు. మనిషి వచ్చినప్పుడల్లా చీర జరిగింది. గంట తిరిగేసరికి నాలుగు చీరలూ మడతలు పడి గోడ మూలకు చేరాయి. మంచి ఎండంతా మనుషుల మీద ఉంది. మనుషుల మీంచి జారి మిగిలిన ఎండ వడియాలకు దక్కింది. నేను చూస్తున్నానని ఆమె చేసింది కాదు. నేనక్కడ ఉన్న సంగతే ఆమెకు గుర్తు లేదు.

రెండో వరస పిల్లల ఇంట్లో ఈ ఒక్కటి జరిగుంటే చాలు. పిల్లల కోసం ఒక్క కుండీ ఇంత పక్కకు జరిగుంటే చాలు.

వంతు ముగిసింది. ఎండ వాకిలి దాటి ఏడో వరసకు వెళ్లిపోయింది. పుస్తకం తెరిచి, చూసిందే రాశాను. 'నివాసం.' సంతకం పెట్టి మంగతాయారు చేతికిచ్చాను. చీర కొంగుతో చేతులు తుడుచుకుని తీసుకుంది. ఒకసారి చదివింది, మళ్లీ చదివింది.

"అంటే," అంది, "ఈ రాత్రికి పప్పు నానబోసుకోవచ్చాండీ?"

"నానబోసుకో తల్లీ," అన్నాను. ఇరవయ్యారేళ్లలో తనిఖీకి వెళ్లిన ఇంట్లో ఎవరినీ అలా పిలవలేదు.

ఆమె లోపలికి వెళ్లింది. డబ్బా మూత తీసిన చప్పుడు, తపేలాలో పప్పు పోసిన చప్పుడు వినిపించాయి. నేను పుస్తకం పక్కన పెట్టి, ఇంకా వేడి తగ్గని ఆ వాకిట్లో కూర్చున్నాను.